అమ్మ ఆ గ్లాసులు ఎందుకు పారబోసింది?

పేరు చెప్పవద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని విషయం ఇది.

వాళ్ల అమ్మగారికి 76 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు చాలాకాలంగా ట్రమడాల్ మాత్రలు వాడుతున్నారు. మలబద్ధకం పదిహేనేళ్ల నాటిది. మూడు నాలుగు రోజులకొకసారి, అదీ బాత్రూంలో ముప్పావుగంట కూర్చుంటే గానీ మోషన్ కాదు. నాలుగు నెలల కిందట మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. మలపరీక్షలో కంటికి కనిపించని రక్తం పోతున్నట్టు తేలింది. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకోమన్నారు.

ఆసుపత్రివాళ్లు పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికి నీళ్లలో కలిపి తాగే పౌడరు ప్యాకెట్లు, ఎలా తాగాలో రాసిన కాగితం ఇచ్చి పంపారు. "కాగితంలో ఉన్నట్టే ముందురోజు సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాను. రెండు లీటర్లూ రెండు గంటల్లో అయిపోవాలి. నాలుగో గ్లాసుకి అమ్మ వాంతి చేసుకుంది. పొట్ట ఉబ్బిపోయింది, మోషన్ మాత్రం రాలేదు. పదకొండింటికి ఒక్కసారిగా మొదలైంది. బాత్రూం దాకా వెళ్లలేకపోయింది. పక్క, బట్టలు అన్నీ పాడయ్యాయి. నేను శుభ్రం చేస్తుంటే గోడవైపు తిరిగి కూర్చుంది" అని రాశారావిడ.

మర్నాడు ఉదయం కెమెరా గొట్టం సగం దూరం వెళ్లకముందే డాక్టరు ఆపేశారు. లోపలంతా మలమే ఉంది, ఏమీ కనిపించడం లేదన్నారు. "సరిగ్గా తాగలేదా అమ్మా?" అని అక్కడి నర్సు అందరి ముందూ అడిగింది. ఇంటికొచ్చాక అన్నయ్య "నువ్వు దగ్గరుండి తాగించలేదు" అన్నాడు. ఈవిడ జవాబు చెప్పలేదు. తల్లి ఆ రాత్రి రెండు గ్లాసులు వాష్‌బేసిన్‌లో పారబోయడం ఆవిడ చూశారు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ తేదీ ఇచ్చారు. "పోతే పోతాను గానీ ఆ రాత్రి మళ్లీ నాకొద్దు" అంటున్నారు అమ్మగారు. ఆసుపత్రిలో చేర్చి, ముక్కులోంచి గొట్టం వేసి మందు ఎక్కించేద్దామంటున్నాడు అన్నయ్య. "బలవంతం చేయనా? మానేద్దామా? అన్నయ్య చెప్పినట్టు చేర్పించనా? ఆ రెండు గ్లాసుల సంగతి చెప్పాలా వద్దా? నాకు నిద్ర పట్టడం లేదు" అంటూ ఉత్తరం ముగించారు.

* * *

కొలనోస్కోపీ గదిలో నర్సుగా నేను చాలా ఏళ్లు పనిచేశాను. "సరిగ్గా తాగలేదా?" అన్న ఆ ప్రశ్న, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అడిగాను. అది విన్న పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకని ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. మొదటిసారి పరీక్ష ఆగిపోవడంలో మీ తప్పు లేదు, అమ్మగారి తప్పు అసలే లేదు.

ఎందుకో చెప్తాను. పేగు సరిగ్గా శుభ్రం కాకపోవడానికి వైద్యులకు బాగా తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. పెద్ద వయసు, ఎప్పటినుంచో ఉన్న మలబద్ధకం, షుగర్, ట్రమడాల్‌లాంటి నొప్పి మాత్రలు, నడక తక్కువ కావడం. మీ అమ్మగారికి ఈ ఐదూ ఉన్నాయి. ఒకసారి పరీక్ష విఫలం కావడం కూడా అలాంటి కారణమే, ఇప్పుడు అదీ చేరింది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే పేగును నడిపించే నరాలు మందగించవచ్చు. ట్రమడాల్ ఆ కదలికను ఇంకా తగ్గిస్తుంది. దీనికి తోడు ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగురుగా చేస్తాయి, అది పేగు గోడకు అంటుకుపోతుంది. ఐరన్ ఎప్పుడు ఆపారో మీరు రాయలేదు. ఆపాలని మీకెవరూ చెప్పి ఉండరనుకుంటాను.

ఇన్ని ఉన్న మనిషికి, రోజూ సులువుగా మోషన్ అయ్యేవాళ్లకిచ్చే కాగితమే ఇచ్చారు. నాలుగు రోజుల మలం లోపల ఉండగా పైనుంచి రెండు గంటల్లో రెండు లీటర్లు పోస్తే ఆ నీళ్లు ఎక్కడికి వెళ్తాయి? పొట్ట ఉబ్బుతుంది, వాంతి వస్తుంది, దారి దొరికాక ఆపుకోలేనంత వేగంగా వచ్చేస్తుంది. ఆ రాత్రి మీ ఇంట్లో జరిగింది అదే.

కాబట్టి "ఎలా తాగించాలి" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఇలాంటి పేగును పరీక్షకు రెండు వారాల ముందునుంచే సిద్ధం చేసుకోవాలి. అలా చేస్తే చివరి రాత్రి తాగే నీళ్లకు పని తక్కువగా ఉంటుంది. మీకు మూడు వారాలు ఉన్నాయి, సరిపోతాయి.

అయితే దానికంటే ముందు, అసలు పరీక్ష చేయించాలా వద్దా అన్నది తేలాలి. ఏ లక్షణమూ లేని మనిషికి ముందుజాగ్రత్తగా చేసే కొలనోస్కోపీ అయితే, 76 ఏళ్లకు "వద్దులే" అనుకోవడంలో తప్పేమీ లేదు. 2021లో అమెరికా నిపుణుల బృందం ఇచ్చిన సూచనల్లో కూడా 76 నుంచి 85 ఏళ్ల వాళ్లకు అలాంటి పరీక్ష అందరికీ కాకుండా మనిషిని బట్టి నిర్ణయించాలనే ఉంది. మీ అమ్మగారి సంగతి వేరు. రక్తం తగ్గింది, మలంలో రక్తం పోతోంది. కారణం మొలలు కావచ్చు, పేగు గోడలో పలచబడిన రక్తనాళం కావచ్చు. పాలిప్, అంటే పేగు లోపల పెరిగే చిన్న కండ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. చూస్తే గానీ తెలియదు.

మానేస్తే ఏమవుతుంది? ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ కొంత పెరగొచ్చు, కానీ రక్తం ఎక్కడినుంచి పోతోందో తెలియకుండానే ఉంటుంది. అది క్యాన్సరే అయితే, పేగు మూసుకుపోయే దశలో అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. మధ్యే మార్గం ఉందా అని మీరు అడుగుతారు. సీటీ కొలనోగ్రఫీ ఉంది, పేగును స్కానింగ్‌తో చూసే పరీక్ష. కెమెరా గొట్టం లోపలంతా తిప్పే పని ఉండదు, మత్తు అక్కర్లేదు. కానీ దానికీ చాలావరకు పేగు శుభ్రం చేసుకోవాలి. ఏదైనా కనిపిస్తే ముక్క తీయడానికి మళ్లీ కొలనోస్కోపీయే కావాలి. మలపరీక్ష ఇంకోసారి చేయించి "ఈసారి రాలేదు కదా" అని ఊరుకోవడం మాత్రం మంచిది కాదు. ఒకసారి రక్తం కనిపించాక రెండో పరీక్షలో కనిపించనంత మాత్రాన మొదటిది కొట్టుకుపోదు.

ఈ నిర్ణయం అమ్మగారిది. మీది కాదు, అన్నయ్యది కాదు. ఆవిడకు మతి స్థిమితంగా ఉంది, మాట స్పష్టంగా ఉంది. డాక్టరు ఆవిడతో నేరుగా మాట్లాడాలి, మీరు పక్కన కూర్చుని వినాలి. ఏదైనా జబ్బు బయటపడితే వైద్యం చేయించుకోవాలని ఆవిడకు ఉందా అని కూడా అడగాలి. ఏం వచ్చినా వైద్యం వద్దనుకునే మనిషికి ఈ పరీక్ష వల్ల ఒరిగేది తక్కువ. అది తెలిసి, ఆలోచించి "వద్దు" అంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి. ఇప్పుడు ఆవిడ అంటున్న "వద్దు" పరీక్షకు చెప్తున్నదని మాత్రం నాకు అనిపించడం లేదు. "ఆ రాత్రి మళ్లీ నాకొద్దు" అంటున్నారు. ఆ రాత్రిని మార్చగలం.

"సరే" అంటే ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను. వైద్యుల సలహా లేకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టకండి. వాళ్లను ఏమేం అడగాలో మీకు తెలియాలని రాస్తున్నాను.

ఈ వారంలోనే డాక్టరును కలవండి. పదిహేనేళ్ల మలబద్ధకం గురించి మొదటి వాక్యంలోనే చెప్పండి. మోషన్ ఎన్నాళ్లకొకసారి, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది కూడా చెప్పండి. మలద్వారం దగ్గర గట్టి మలం అడ్డుపడి ఉందేమో చూడమని అడగండి. వేలితో ఒక నిమిషంలో చూసే పరీక్ష అది. సిగ్గుపడి చాలామంది వద్దంటారు, హడావిడిలో వైద్యులు కూడా వదిలేస్తుంటారు. పెద్దవాళ్లలో ఆ అడ్డు ఉంటే పైనుంచి ఎన్ని లీటర్లు తాగినా వాంతులు, కడుపునొప్పి తప్ప ఫలితం ఉండదు. ముందు దాన్ని ఎనిమాతోనో (మలద్వారంలోంచి ద్రవం ఎక్కించి), చేత్తోనో తీయాలి. లోదుస్తుల్లో అప్పుడప్పుడు పలచగా మలం అంటుకుంటోందంటే కూడా చెప్పండి. చూడ్డానికి విరేచనంలా ఉంటుంది గానీ, గట్టి గడ్డ పక్కనుంచి జారుతున్న నీరు కావచ్చు.

తర్వాత మందులు. అమ్మగారు వాడే ప్రతి మాత్రనూ ఒక కాగితం మీద రాసి, దాని ఎదురుగా ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చేత రాయించుకోండి. మీ అంతట మీరు దేన్నీ ఆపకండి. ఐరన్‌ను సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. ఇసబ్‌గోల్‌లాంటి పీచు పొడులు కూడా అంతే. మలబద్ధకానికి మంచిదని ఇప్పుడు పీచు పెంచితే పేగులో పేరుకుని కెమెరాకు అడ్డం వస్తుంది. ట్రమడాల్ తగ్గించి ఆ రెండు వారాలు మోకాళ్లకు వేరే ఏదైనా ఇవ్వగలరా అని అడగండి. చాలాకాలంగా వాడుతున్నది కాబట్టి ఒక్కసారిగా మానేయకూడదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటే, విరేచనాలయ్యే రోజున అవి ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తాయి, కిడ్నీలకు దెబ్బ. రక్తం పలచబడే మందులు ఏవైనా ఉంటే వాటిని ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరుతో కూడా మాట్లాడి తేల్చాలి.

షుగర్ మందుల గురించి విడిగా చెప్పాలి. తిండి లేని రోజున మామూలు డోసు వేస్తే షుగర్ పడిపోయి పెద్దవాళ్లు తూలి పడతారు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలైతే మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు. ఉపవాసంలో అవి వాడితే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. తిండి లేని ఆ ఒకటిన్నర రోజు మూడు నాలుగు గంటలకొకసారి షుగర్ చూడండి. పడిపోతే ఇవ్వడానికి గుజ్జు లేని తియ్యటి రసం పక్కనే ఉంచుకోండి.

రెండు వారాల సన్నాహం అన్నాను కదా, అది ఇలా ఉంటుంది. పరీక్షకు వాడే పౌడరు రకానికి చెందినదే, పాలీఇథిలీన్ గ్లైకాల్, చిన్న మోతాదులో రోజూ తాగిస్తారు. సాధారణంగా 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో. ఇది రక్తంలోకి పెద్దగా ఎక్కదు, తాగిన నీటిని పేగులోనే పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. మొదటి రోజే పనిచేయదు, రెండు మూడు రోజులు పడుతుంది. పరీక్ష వారానికల్లా మోషన్ రోజూ, మెత్తగా అవుతోందంటే సగం పని అయినట్టే. కాకపోతే మళ్లీ ఫోన్ చేయండి. మోతాదు పెంచుతారు, లేదా చివరి రెండు మూడు రాత్రులు పేగును కదిలించే బిసాకోడిల్ లాంటి మాత్ర జతచేస్తారు. దానివల్ల కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావచ్చు, అందుకే అడక్కుండా వేయకూడదు. అమ్మగారికి మోషన్ అయిన రోజు, కాని రోజు ఒక క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. వారం తర్వాత డాక్టరుకు ఆ గీతలు చూపిస్తే చాలు, గుర్తుచేసుకుని చెప్పే పని ఉండదు.

తిండి విషయం క్లుప్తంగా చెప్తాను. చివరి మూడు రోజులు గింజలు, తొక్కలు, పొట్టు ధాన్యాలు, ఆకుకూరలు, పచ్చి కూరగాయలు మానాలి. పీచు తక్కువగా ఉండే మెత్తని ఆహారం ఇవ్వాలి. ఆఖరి రోజు తేట ద్రవాలే. అంటే గ్లాసులోంచి చూస్తే అవతలి వేళ్లు కనిపించేవి. ఎరుపు, ఊదా రంగువి వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి.

ఏ మందుతో పేగు శుభ్రం చేస్తారన్నది కూడా అడిగి తెలుసుకోండి. ఈ వయసులో ఎలక్ట్రోలైట్లు (లవణాలు) కలిపిన పాలీఇథిలీన్ గ్లైకాలే అన్నిటికంటే సురక్షితం, ఒంట్లో ఉప్పు నీళ్ల లెక్క పెద్దగా తారుమారు కాదు. చిన్న సీసాలో వచ్చే సోడియం ఫాస్ఫేట్ మందు తాగడం తేలికే, కానీ అది కిడ్నీలను శాశ్వతంగా దెబ్బతీయగలదు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిమీద గట్టి హెచ్చరిక ఇచ్చింది. వయసు మీదపడ్డవాళ్లు, బీపీకి మూత్రం మాత్రలు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు. అదే మందున్న ఎనిమా కూడా పెద్దవాళ్లకు ప్రమాదమే. మెగ్నీషియం ఉన్నవి కిడ్నీలు బలహీనంగా ఉంటే పనికిరావు. అందుకే మొదలుపెట్టేముందు ఒకసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం చూడమని అడగండి.

మోతాదు రెండు లీటర్లా, నాలుగా? ఇక్కడ నిజంగా రెండు దారులున్నాయి. నాలుగు లీటర్లు పేగును బాగా కడుగుతాయి, కానీ మీ అమ్మగారు అంత తాగగలరా అన్నది ప్రశ్న. వాంతి, చలి, రాత్రంతా బాత్రూం. రెండు వారాల సన్నాహం బాగా సాగితే రెండు లీటర్లు సరిపోవచ్చు, సాగకపోతే మళ్లీ విఫలమయ్యే అవకాశం ఉంది. డాక్టరు ఏది ఎంచుకున్నా, రెండు భాగాలుగా ఇవ్వమని గట్టిగా అడగండి. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. మొదటిసారి మీరు రాత్రే అంతా తాగించారు. అలా చేస్తే తెల్లవారేలోగా చిన్నపేగునుంచి వచ్చిన పసరు పెద్దపేగు కుడివైపు మళ్లీ పూత పూస్తుంది. రెండో సగం ఉదయం తాగితే ఆ పూత కొట్టుకుపోతుంది. సగం సగం తాగడం తేలిక కూడా.

అందుకే పరీక్షను ఉదయం ఎనిమిదికి కాకుండా పదకొండు, పన్నెండు గంటలకు పెట్టమని అడగండి. ఎనిమిదింటికైతే అమ్మగారు తెల్లవారుజామున మూడింటికి లేచి తాగాలి. షుగర్ ఉన్న మనిషి కదా, మరీ సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో ఉంచడమూ మంచిది కాదు.

తాగడం నెమ్మదిగా సాగనివ్వండి. పెద్ద గ్లాసు బదులు చిన్న కప్పు పెట్టుకోండి. నిటారుగా కూర్చోబెట్టి, పది పదిహేను నిమిషాలకు ఒక కప్పు. కొంచెం చల్లగా ఉంటే, స్ట్రాతో తాగితే రుచి తక్కువ తెలుస్తుంది. మరీ చల్లగా వద్దు, వణుకు వస్తుంది. వికారం మొదలైతే అరగంట ఆగండి, ఆ అరగంట వల్ల ఏమీ చెడిపోదు. వాంతి తగ్గే మాత్ర ముందే రాయించి పెట్టుకోండి. మధ్యమధ్య మీ చేయి పట్టుకుని గదిలో నాలుగు అడుగులు వేస్తే పేగు కదులుతుంది. మింగేటప్పుడు పొరబోయే అలవాటు ఉంటే మాత్రం ముందే చెప్పాలి. ఈ ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. మింగడం కష్టమైనవాళ్లకు ఇచ్చే పిండి రకం చిక్కదనం పొడిని ఇందులో కలిపినా అది నీళ్లలా పలచబడిపోతుంది, కాబట్టి ఆ ఉపాయం పనికిరాదు.

ఇక ఆ రాత్రి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట "గోడవైపు తిరిగి కూర్చుంది" అన్నది. జీవితమంతా మీ అందరినీ శుభ్రం చేసిన మనిషి, కూతురి చేత శుభ్రం చేయించుకోవాల్సి వచ్చింది. ఆ సిగ్గు కడుపునొప్పి కంటే పెద్దది. దాన్ని ఏర్పాట్లతోనే తగ్గించాలి, ఓదార్పు మాటలతో తగ్గదు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి, అద్దెకు దొరికితే చాలు. బాత్రూం దాకా పరుగెత్తే పని ఉండదు, మోకాళ్ల నొప్పితో రాత్రిపూట పడిపోయే భయమూ తగ్గుతుంది. పక్కమీద నీరు ఇంకని షీటు వేయండి. డైపర్ వేసుకుంటారా అని అడగండి, వేయకండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, చెప్పకుండా తొడిగితే అవమానపడతారు. సులువుగా విప్పుకునే బట్టలు, దారంతా చిన్న లైటు. మొదటి మోషన్‌కు ముందే మలద్వారం చుట్టూ వాసలైన్ రాసుకుంటే పదిసార్లు వెళ్లినా మంట పుట్టదు. రుద్ది తుడవకుండా గోరువెచ్చని నీటితో కడిగి మెత్తటి బట్టతో అద్దాలి. ఆ రాత్రి అమ్మగారి గదిలో ఒక్కరే ఉండండి, ఎవరుండాలో ఆవిడనే చెప్పమనండి. మీ పేరు చెప్పకపోతే నొచ్చుకోకండి. జీతానికి వచ్చే నర్సు ముందైతే సిగ్గు తక్కువ అనుకునే తల్లులను నేను చూశాను.

కొన్ని సందర్భాల్లో ఇంక తాగించకూడదు. పొట్ట గట్టిగా బిగిసి విపరీతంగా నొప్పి, ఆగని వాంతులు, గంటలు గడిచినా మోషన్ గానీ గ్యాస్ గానీ పోకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మాట తడబడటం, అయోమయం, ఎక్కువగా రక్తం. వీటిలో ఏది కనిపించినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ముందే అడిగి పెట్టుకోండి.

పేగు శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? చివరి మోషన్ మూత్రంలా, లేత పసుపు రంగులో, అడుగు కనిపించేలా ఉండాలి. గోధుమ రంగులో, మట్టినీళ్లలా ఉంటే బయల్దేరే ముందే ఫోన్ చేసి చెప్పండి. ఇంకొంచెం మందు తాగమంటారు, లేదా మర్నాటికి మారుస్తారు. మళ్లీ బల్లమీద పడుకున్నాక "కాలేదు" అనిపించుకోవడం కంటే ఇది ఎంతో మేలు. అవతలివాళ్లు విసుక్కున్నా సరే చెప్పండి.

అన్నయ్య మాట గురించి. ఆసుపత్రిలో చేర్చడం చెడ్డ ఆలోచన కాదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో రాత్రి తోడు లేకపోయినా చేర్చడమే మంచిది. సెలైన్ పెట్టొచ్చు, షుగర్, ఉప్పులు చూస్తూ ఉండొచ్చు. కానీ చేర్చినంత మాత్రాన పేగు శుభ్రమవుతుందనుకోవద్దు. వార్డుల్లో ఉన్నవాళ్లకే ఇది సరిగ్గా జరగడం తక్కువ. మంచం దిగలేరు, బాత్రూం దూరం, కప్పు చేతికిచ్చి పక్కన కూర్చునే మనిషి ఉండరు. అక్కడ చేర్చినా మీరు పక్కనుండాల్సిందే. ముక్కు గొట్టం మాత్రం ఆఖరి మాట. ఇష్టం లేని మనిషికి గొట్టం వేస్తే పీక్కుంటారు, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అమ్మగారు స్వయంగా "తాగలేను, అలాగే ఎక్కించండి" అంటేనే దాని గురించి మాట్లాడాలి. అన్నయ్యకు ఒక పని అప్పగించండి. డాక్టరు దగ్గరికి మీతో రమ్మనండి, మందుల జాబితా ఆయన చేతే రాయించండి. దూరంనుంచి చూసే మనిషికి తప్పులే కనిపిస్తాయి, ఆయనకు తల్లిమీద ప్రేమ లేక కాదు.

చివరికి ఆ రెండు గ్లాసులు. డాక్టరుకు చెప్పాలి. నేరం ఒప్పుకోవడానికి అనుకోకండి, దాంతో వైద్యం లెక్క మారుతుంది. రెండు లీటర్లూ తాగినా పేగు శుభ్రం కాలేదనుకుంటే ఆయన మోతాదు రెట్టింపు చేసేస్తారు. ఒకటిన్నర లీటరే తాగారు, అందులోనూ కొంత వాంతి అయిందని తెలిస్తే ఆలోచన వేరేగా ఉంటుంది. అన్నయ్యకు చెప్పాలా అంటే, అమ్మగారు చెప్పమంటే చెప్పండి. లేకపోతే అది మీ ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

కానీ డాక్టరుకు చెప్పేముందు అమ్మగారితో మాట్లాడండి. ఇంట్లో ఎవరూ లేని పూట, పక్కన కూర్చుని, "ఆ రాత్రి నువ్వు పారబోయడం చూశానమ్మా, నాకు కోపం లేదు, ఎందుకు పారబోశావో చెప్పు" అని అడగండి. రుచి బాగాలేదనవచ్చు. కడుపు పగిలిపోతుందేమోనని భయమేసిందనవచ్చు. నా ఊహ వేరే ఉంది. ఇంకొక్క గ్లాసు తాగితే మళ్లీ పక్క పాడవుతుందని, మళ్లీ మీరే లేచి కడగాలని పారబోసి ఉంటారు. నేను పొరబడి ఉండొచ్చు. ఆవిడ ఏం చెప్తే అక్కడినుంచి మొదలుపెట్టండి. రుచి అయితే మందు మార్చొచ్చు, కడుపు అయితే నెమ్మదిగా ఇవ్వొచ్చు, పక్క పాడవుతుందని అయితే రేపే ఆ కమోడ్ కుర్చీ తెచ్చి ఆవిడకు నచ్చిన చోట పెట్టించండి. రెండు వారాలు అది కళ్లముందు ఉంటే కొత్త పోతుంది. అంతా విన్నాక కూడా ఆవిడ "వద్దు" అంటే, ఆ జవాబు తీసుకునే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొలనోస్కోపీ లేకుండా ఏం చేయగలరో, హిమోగ్లోబిన్ ఎన్నాళ్లకొకసారి చూడాలో ఆయనే చెప్తారు.